ఒక ఫోటాన్, లెక్కలేనన్ని కేంద్రకాలు: సింక్రోట్రాన్ ఎక్స్-రేల కేంద్రక స్కాటరింగ్‌లో కొహెరెన్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్‌సీయూ, ఓయూ, కంది ఐఐటీ వైపు నుంచి ఎమ్మెస్సీ వాళ్లూ, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లూ సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి ఎక్స్-రేలు పుట్టించే యంత్రం) కిరణాలతో చేసే కేంద్రక స్కాటరింగ్ మీద అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. డబుల్ స్లిట్ ప్రయోగం వరకు తెలిసి ఉంటే చాలు, మిగతాది చదువుతూ పట్టుకోవచ్చు. వరసగానే చదవాలని ఏమీ లేదు కానీ, మూడో ప్రశ్న మాత్రం వదలొద్దు. మిగతా జవాబులన్నీ దాని మీదే నిలబడ్డాయి.

ఇది మామూలు మోస్‌బవర్ స్పెక్ట్రోస్కోపీయే కదా, కొత్తేముంది?

కేంద్రకాలు అవే, శక్తి స్థాయిలూ అవే. రుడాల్ఫ్ మోస్‌బవర్ 1958లో ఇరిడియం-191తో ప్రచురించిన పని, 1961లో ఆయనకు నోబెల్ తెచ్చిన పని, ఇక్కడ కూడా పునాది. ఘనపదార్థంలో ఇరుక్కున్న కేంద్రకం గామా కిరణాన్ని మింగినా వదిలినా కొన్నిసార్లు వెనక్కి తన్నదు అన్నది ఆ పని సారాంశం. కోఠీలో దొరికే పాత న్యూక్లియర్ ఫిజిక్స్ పుస్తకం ఏది తిరగేసినా ఒకటే బొమ్మ కనిపిస్తుంది: ఇనుము-57కు సరిపోయే గామా కిరణాలిచ్చే కోబాల్ట్-57 మూలం, దాన్ని ముందుకీ వెనక్కీ ఊపే డ్రైవ్, ఆరు గుంటలున్న గ్రాఫు. అక్కడ మనం డాప్లర్ వేగంతో శక్తిని కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోయి, ఏ శక్తి దగ్గర ఎంత మింగిందో కొలుస్తాం.

సింక్రోట్రాన్ దగ్గర జరపడాలేవీ లేవు. సుమారు 100 పికోసెకన్ల పల్స్ ఒకటి వచ్చి ఆ ఆరు గుంటలకు చెందిన ఆరు రేఖల్నీ (కేంద్రకం మీది అయస్కాంత క్షేత్రం వల్ల విడిపోయిన శక్తి స్థాయిలవి) ఒకేసారి కదిపి, అంటే ఉత్తేజపరచి, వెళ్లిపోతుంది. ఆ తర్వాత కేంద్రకాలు తీరిగ్గా, పదులు వందల నానోసెకన్ల పాటు వదిలే ఫోటాన్లను, ఏది ఎప్పుడు వచ్చిందో టైమ్ వేసి లెక్కపెడతాం. అంటే గ్రాఫులో అడ్డగీత మీద ఉండేది వేగం కాదు, కాలం. చూడటానికి ఈ తేడా చిన్నదే గానీ, మూలంతో చేసే ప్రయోగంలో పైకి కనబడని కొహెరెన్స్ (అలల ఫేజ్‌లు ఒకదానితో ఒకటి పొంది ఉండటం) సంగతులన్నీ ఇక్కడ కంటి ముందే ఆడతాయి.

ఇనుము-57 గురించి ఎప్పుడూ చెప్పే 141 నానోసెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇనుము-57 మొదటి ఉత్తేజిత స్థితి 14.4 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల దగ్గర ఉంది, దాని సగటు ఆయుష్షు 141 నానోసెకన్లు. సగం ఆయుష్షు అయితే 98. రెండింటినీ కలిపేసుకుని కంగారు పడేవాళ్లు చాలామంది. ఇంటర్వ్యూలో అడిగితే ఏది చెప్తున్నారో ముందే చెప్పండి. రేఖ వెడల్పు 4.66 నానో ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు. ప్లాంక్ స్థిరాంకాన్ని 2π తో భాగించిన విలువను, అంటే 6.58 × 10⁻¹⁶ ఎలక్ట్రాన్‌వోల్ట్-సెకన్లను, ఈ వెడల్పుతో భాగిస్తే సరిగ్గా 141 నానోసెకన్లు వస్తుంది. 14 వేల ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల దగ్గర ఇంత సన్నని రేఖ ఉండటం వల్లే ఈ పని కుదురుతోంది. ఎలక్ట్రాన్ల స్కాటరింగ్ పల్స్‌తో పాటే వచ్చి ముగిసిపోతుంది, కేంద్రకాలది మాత్రం తీరిగ్గా వస్తుంది. మోనోక్రోమేటర్‌తో (కావలసిన శక్తి ఉన్న ఎక్స్-రేలను మాత్రమే పంపే పరికరం) విడదీయలేనిదాన్ని గడియారంతో విడదీస్తున్నామన్నమాట.

ఒక ఫోటాన్ ఒక కేంద్రకాన్నే కదా తాకేది? మరి అన్నీ "కలిసి" స్పందించడం ఏంటి?

అందరూ తడబడేది ఇక్కడే, తప్పు లేదు. ఈ వలయాల్లో ఒక్కో పల్స్‌లో కేంద్రక రేఖ వెడల్పు లోపల పడే ఫోటాన్లు సగటున ఒకటి కంటే చాలా తక్కువ. కాబట్టి "ఒక ఫోటాన్ మహా అయితే ఒక ఉత్తేజం" అన్నంతవరకు మీ మాట కరెక్టే. కానీ రేకులో ఉన్న కోటానుకోట్ల ఇనుము-57 కేంద్రకాల్లో దేనికి తగిలిందో చెప్పగలిగే గుర్తు ఎక్కడైనా మిగిలిందా? మిగలకపోతే క్వాంటమ్ మెకానిక్స్ నియమం ఒక్కటే: అన్ని దారుల ఆంప్లిట్యూడ్‌లనూ ముందు కూడాలి, వర్గం చేయడం ఆ తర్వాతే. అప్పుడు స్థితి "మొదటిది ఉత్తేజితం, మిగతావి మామూలుగా" ప్లస్ "రెండోది ఉత్తేజితం, మిగతావి మామూలుగా" ప్లస్... ఇలా చివరి కేంద్రకం దాకా సాగే మొత్తం అవుతుంది. ప్రతి పదానికీ ఆ కేంద్రకం దగ్గరికి కిరణం చేరేసరికి ఉన్న ఫేజ్ అంటుకుని ఉంటుంది. దీన్నే న్యూక్లియర్ ఎక్సైటాన్ అంటారు. హానన్, ట్రామెల్ ఒకవైపు, సోవియట్ యూనియన్‌లో అఫనాస్యెవ్, కాగన్ మరోవైపు, సింక్రోట్రాన్ ప్రయోగాలు మొదలవకముందే 1960లలోనే ఈ సిద్ధాంతానికి పునాదులు వేసి పెట్టారు.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇదే: ఈ సబ్జెక్టులో ఏ సందేహం వచ్చినా "ఏ కేంద్రకం అన్నదానికి జాడ మిగిలిందా?" అని ఒక్కసారి అడిగి చూడండి. జాడ లేకపోతే కొహెరెంట్, జాడ ఉంటే కాదు. ఫార్ములా గుర్తు లేకపోయినా పర్లేదు, ఈ ఒక్క ప్రశ్నతో సగం జవాబులు వచ్చేస్తాయి.

జాడ ఎలా మిగులుతుంది మరి?

ముఖ్యంగా మూడు రకాలుగా. కేంద్రకం వెనక్కి తన్ని జాలకంలో ఫోనాన్ (కంపనపు క్వాంటమ్) పుట్టిస్తే ఆ ఫోనానే జాడ. కేంద్రకం తన స్పిన్ దిశ మార్చుకుని వేరే స్థాయికి దిగితే, తిరగబడిన ఆ ఒక్క స్పిన్ జాడ. గామాకు బదులు తన చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్‌ను బయటికి తన్నేస్తే, దాన్ని ఇంటర్నల్ కన్వర్షన్ అంటారు, ఏ పరమాణువు నుంచి పోయిందో అక్కడ ఖాళీ మిగులుతుంది, అదీ జాడే. ఈ మూడోదాన్ని చిన్నచూపు చూడొద్దు. విడిగా ఉన్న ఇనుము-57 కేంద్రకం పదిసార్లు దిగితే దాదాపు తొమ్మిదిసార్లు ఎలక్ట్రాన్ దారినే దిగుతుంది.

వెనక్కి తన్నకపోవడమూ కొహెరెన్సూ ఒకటేనా?

కాదు. తన్నకపోతేనే కొహెరెన్స్ సాధ్యం, కానీ అదొక్కటే సరిపోదు. తన్నకుండా మింగి, స్పిన్ మార్చుకుని దిగిన కేంద్రకం కూడా జాడ వదిలినట్టే. గది ఉష్ణోగ్రత దగ్గర ఇనుములో తన్నకుండా ఉండే వంతు సుమారు 0.8. ఇది ల్యాంబ్-మోస్‌బవర్ ఫ్యాక్టర్.

కొహెరెంట్ సిగ్నల్ నేరుగా ముందుకే ఎందుకు వస్తుంది? అన్ని వైపులా ఎందుకు రాదు?

కిరణం వచ్చిన దిశలోనే ముందుకు వెళ్లే ఫోటాన్‌కు, ఏ కేంద్రకం మీదుగా వెళ్లినా మొత్తం దారి పొడవు ఒకటే. కాబట్టి కేంద్రకాలు ఎక్కడెక్కడ ఉన్నా ఫేజ్‌లు తప్పకుండా కలుస్తాయి. స్ఫటికం అక్కర్లేదు, గాజైనా, పొడైనా, గడ్డకట్టిన ప్రొటీన్ ద్రావణమైనా సరే. వేరే దిశల్లో ఫేజ్‌లు కలవాలంటే పరమాణువులు వరసగా అమరి ఉండాలి, అంటే బ్రాగ్ కోణాలు.

చిత్రమేంటంటే ప్రయోగాల చరిత్ర దీనికి తలకిందులుగా నడిచింది. సింక్రోట్రాన్‌తో మోస్‌బవర్ కేంద్రకాలను కదపొచ్చని స్టాన్లీ రూబీ 1974లో ప్రతిపాదించారు. నమ్మదగిన మొదటి ఫలితం 1985లో హాంబర్గ్‌లోని డెసీ పరిశోధన కేంద్రంలో, గెర్డావ్ బృందానికి దక్కింది, అదీ ఇనుము-57 దట్టించిన ఇట్రియం ఐరన్ గార్నెట్ స్ఫటికం నుంచి బ్రాగ్ దిశలో. ఎందుకంటే ముందు దిశలో ఎలక్ట్రాన్లను దాటి వచ్చే ప్రాంప్ట్ (పల్స్‌తో పాటే వచ్చేసే) ఫోటాన్ల వరద అప్పటి డిటెక్టర్లను ముంచేసేది. గార్నెట్‌లో కొన్ని ప్రతిఫలనాల దగ్గర ఎలక్ట్రాన్ల స్కాటరింగ్ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకుంటుంది. కేంద్రకాల విషయంలో అలా జరగదు, ఒక్కో ఇనుము స్థానంలో క్షేత్రాల దిశ ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి. అలా కేంద్రకాలది మాత్రమే మిగిలిన కిరణం దొరికింది. ముందు దిశలో స్కాటరింగ్ చూడటానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్ట్ స్థాయి మోనోక్రోమేటర్లు, వరదను తట్టుకుని ఒక్క నానోసెకనులో తేరుకునే ఆవలాంచ్ ఫోటోడయోడ్ డిటెక్టర్లు వచ్చాకే ఇది రోజువారీ పని అయింది.

కలిసి ఉంటే త్వరగా ఆరిపోతుందంటారు, నిజమేనా?

నిజమే, దీన్ని స్పీడప్ అంటారు. అన్ని దారుల ఆంప్లిట్యూడ్‌లూ ముందు దిశలో కూడుకోవడం వల్ల ఆ దారిన ఫోటాన్ బయటపడే వేగం పెరుగుతుంది. రేకు మందాన్నీ, కేంద్రకాల సాంద్రతనీ, రెజొనెన్స్ వైశాల్యాన్నీ (ఇనుము-57కి 2.56 × 10⁻¹⁸ చదరపు సెంటీమీటర్లు), ల్యాంబ్-మోస్‌బవర్ ఫ్యాక్టర్‌నీ గుణిస్తే వచ్చేది ప్రభావ మందం. దానిలో నాలుగో వంతును "స్పీడప్ సంఖ్య" అనుకుందాం. పల్స్ పోయిన వెంటనే సిగ్నల్ తగ్గే రేటు, విడి కేంద్రకం రేటుకు ఒకటి ప్లస్ ఈ సంఖ్య రెట్లు ఉంటుంది. పూర్తిగా ఇనుము-57 అయిన రేకులో రేఖలు విడిపోలేదని ఊహించుకుంటే మైక్రాన్‌కు ప్రభావ మందం సుమారు 17, అంటే ఒక్క మైక్రానుకే రేటు అయిదు రెట్లు దాటుతుంది. నిజం ఇనుములో రేఖలు విడిపోయి ఉంటాయి కాబట్టి అంత రాదు, కానీ అంచనాకు పనికొస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఫోటాన్ దారి వేగం పెరిగితే ఎలక్ట్రాన్ దారి వాటా తగ్గుతుంది. పదింట తొమ్మిదిసార్లు ఎలక్ట్రాన్‌నే తన్నే కేంద్రకం, తోటి కేంద్రకాలతో ఫేజ్ కలిసేసరికి గామానే ఎక్కువగా వదలడం మొదలుపెడుతుంది. కేంద్రకం లోపల ఏమీ మారలేదు. పక్కన ఎవరున్నారు, వాళ్లతో ఫేజ్ ఎలా కలిసింది అన్నదే దాని ప్రవర్తనను మార్చేసింది. "కేంద్రక క్షయాన్ని బయటి నుంచి మార్చలేం" అని ఇంటర్‌లో బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి.

క్వాంటమ్ బీట్స్ అంటే ఏంటి? గ్రాఫులో ఎలా కనిపిస్తాయి?

తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు కొంచెం తేడాతో మోగితే శబ్దం ఉబ్బుతూ తగ్గుతూ అలలా వస్తుంది కదా, లెక్క అచ్చం అదే. ఇక్కడ మాత్రం రెండు తీగలు మోగుతున్నా వినిపించేది ఒకే ఫోటాన్. అది రెండు హైపర్‌ఫైన్ రేఖల్లో (పైన చెప్పిన, క్షేత్రం వల్ల విడిపోయిన రేఖలే) ఏ దారిన వచ్చిందో జాడ లేదు కాబట్టి ఆ రెండు ఆంప్లిట్యూడ్‌లూ కూడుకుంటాయి, శక్తి తేడాను బట్టి కాలంలో ఎత్తుపల్లాలు వస్తాయి.

ఒక లెక్క చేసి చూపిస్తాను. మామూలు ఇనుములో గది ఉష్ణోగ్రత దగ్గర కేంద్రకం మీద పడే అయస్కాంత క్షేత్రం 33 టెస్లాలు. ఆరు రేఖల్లో రెండోదానికీ అయిదోదానికీ మధ్య దూరం మోస్‌బవర్ వాళ్ల భాషలో సెకనుకు 6.16 మిల్లీమీటర్లు, అంటే సుమారు 296 నానో ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు. ప్లాంక్ స్థిరాంకాన్ని దీనితో భాగిస్తే 14 నానోసెకన్లు. ఇప్పుడు సన్నటి ఇనుము రేకును కాప్టన్ టేపుతో ఫ్రేముకు అతికించి, చిన్న అయస్కాంతంతో దాని అయస్కాంతీకరణను నిలువుగా నిలబెట్టండి. సింక్రోట్రాన్ కిరణం విద్యుత్ క్షేత్రం అడ్డంగా ఉంటుంది, కాబట్టి దాని అయస్కాంత క్షేత్రం నిలువు. ఈ ట్రాన్సిషన్ అయస్కాంత డైపోల్ రకం కాబట్టి ఈ అమరికలో ఆ రెండు రేఖలు మాత్రమే కదులుతాయి. తెర మీద లాగ్ స్కేలులో చూస్తే కుడివైపుకి వాలుతున్న గీత, దాని మీద 14 నానోసెకన్లకొకటి చొప్పున నిట్టనిలువుగా దిగిన లోయలు. అయస్కాంతాన్ని 90 డిగ్రీలు తిప్పి అడ్డంగా పెట్టండి, ఈసారి నాలుగు రేఖలు కదిలి గీత గజిబిజి అవుతుంది, బయటి రెండు రేఖల వల్ల 8 నానోసెకన్ల సన్న అల కూడా లోపల కనిపిస్తుంది. రేకు అదే, కిరణం అదే, తిప్పింది అయస్కాంతం ఒక్కటే. ఇది చూశాక పోలరైజేషన్ గురించి వేరే క్లాసు అక్కర్లేదు.

మరి డైనమికల్ బీట్స్ వేరా?

వేరే. రేఖ ఒక్కటే ఉన్నా ఇవి వస్తాయి. మందమైన నమూనాలో మధ్య శక్తి దగ్గరి ఫోటాన్లు మింగబడి, రేఖకు అటూ ఇటూ ఉన్నవి మిగిలి, అవి తమలో తాము కలుసుకోవడం అని ఒక రకంగా చెప్పొచ్చు. వదిలిన ఫోటాన్ ముందున్న కేంద్రకాలను మళ్లీ కదపడం, అలా మళ్లీ మళ్లీ జరగడం అని ఇంకో రకంగానూ చెప్పొచ్చు. రెండూ ఒకటే విషయం, లెక్కలో బెస్సెల్ ఫంక్షన్ వస్తుంది. స్పీడప్ సంఖ్య 10 అయితే మొదటి లోయ సుమారు 52 నానోసెకన్ల దగ్గర, 20 అయితే 26 దగ్గర.

గ్రాఫు చూసి పోల్చుకోవడం సులువే. క్వాంటమ్ బీట్స్ లోయల మధ్య దూరం మొదటి నుంచి చివరి దాకా ఒకటే, మందం మార్చినా మారదు. డైనమికల్ బీట్స్ లోయలు మాత్రం కాలం గడిచేకొద్దీ ఎడంగా జరుగుతాయి, మందం పెంచితే అన్నీ ఎడమవైపుకి దగ్గరవుతాయి. రెండూ కలిసి వచ్చే నమూనాలే ఎక్కువ, అప్పుడు కంటి అంచనాలు ఆపేసి ఫిట్ చేయాల్సిందే. వోల్ఫ్‌గాంగ్ స్టుర్హాన్ రాసిన కోనస్ ప్రోగ్రామ్‌ను చాలామంది వాడతారు.

సింక్రోట్రాన్ కిరణం లేజర్‌లా కొహెరెంట్ కాదు కదా, మరి ఇంటర్‌ఫియరెన్స్ ఎలా వస్తుంది?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు మార్కులు ఎక్కువ వేస్తాను. ఇక్కడ రెండు వేర్వేరు ఫోటాన్లు కలుసుకోవడం లేదు, ఒకే ఫోటాన్ తన దారులన్నిటితో తానే కలుసుకుంటోంది. కాబట్టి ఫోటాన్లకు ఒకదానితో ఒకటి ఫేజ్ సంబంధం లేకపోయినా నష్టం లేదు. ఒక మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్ట్ వెడల్పు మోనోక్రోమేటర్ దాటిన కిరణానికి పొడవు దిశలో కొహెరెన్స్ ఒక మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. అదే కేంద్రకం నుంచి బయటికొచ్చిన అలకు 141 నానోసెకన్లను కాంతి వేగంతో గుణిస్తే 42 మీటర్లు! అంటే ఈ పొడవు కొహెరెన్స్ మూలం ఇచ్చింది కాదు, కేంద్రకం చేసి పెట్టింది.

దీని వల్ల ఒక సౌకర్యం ఉంది. కిరణం దారిలో ఒకదాని వెనక ఒకటి రెండు రేకులు పెడితే, మధ్యలో మీటరు ఎడం ఉన్నా రెండూ కలిసి ఒకే నమూనాలా పనిచేస్తాయి. ఎందుకంటే ముందు దిశలో ఏ రేకు నుంచి వచ్చిందో జాడ ఉండదు. ఒక రేకును స్థిరమైన వేగంతో కదిపితే రెండింటి మధ్య కొత్త బీట్స్ పుడతాయి. తెలిసిన రేకును పక్కన పెట్టి తెలియని నమూనా ఐసోమర్ షిఫ్ట్‌ను (చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల రేఖ ఎంత జరిగిందో) కొలిచేది ఈ కిటుకుతోనే.

రెండు రేకుల్ని ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కన పెడితే?

ఇక్కడ కథ మారుతుంది. కిరణంలో పైభాగం ఒక రేకు మీద, కిందిభాగం ఇంకోదాని మీద పడేలా పెట్టారనుకోండి. రెండు రేకుల ఆంప్లిట్యూడ్‌లు కూడాలంటే ఒకే ఫోటాన్ అల రెండింటి మీదా ఫేజ్ చెడకుండా పరుచుకోవాలి. అంటే అడ్డుదిశ కొహెరెన్స్ కావాలి, అది మూలం సైజు మీదా దూరం మీదా ఆధారపడుతుంది. 0.86 ఆంగ్‌స్ట్రామ్ తరంగదైర్ఘ్యానికి, పదుల మైక్రాన్ల మూలానికి, నలభై మీటర్ల దూరంలో అది పదుల మైక్రాన్లే వస్తుంది. దాని కంటే దూరంగా ఉన్న భాగాల నుంచి వచ్చేవి విడివిడి తీవ్రతలుగానే కూడుకుంటాయి. ఇంకో షరతు కూడా ఉంది, చాలామంది మర్చిపోయేది. డిటెక్టర్ ఏ రేకు నుంచి వచ్చిందో విడదీసి చూడగలిగేలా ఉంటే అది కూడా జాడే. అడ్డుదిశ కొహెరెన్స్‌ను ఇలా కేంద్రక స్కాటరింగ్‌తో పరీక్షించిన ఫలితాలు 1996లోనే వచ్చాయి. అయస్కాంత డొమైన్లున్న (ఒక్కో చోట అయస్కాంతీకరణ ఒక్కో దిశలో ఉన్న) నమూనాలు ఫిట్ చేసేవాళ్లకు ఇది ఏదో తాత్త్విక చర్చ కాదు. డొమైన్లు కొహెరెన్స్ పొడవు కంటే చిన్నవా పెద్దవా అన్నదాన్ని బట్టి మోడల్‌లో ఆంప్లిట్యూడ్‌లు కూడాలా, తీవ్రతలు కూడాలా అన్నది తేలుతుంది. తప్పు ఎంచుకుంటే ఫిట్ బాగానే కుదిరినట్టు కనిపించి, వచ్చిన సంఖ్యలు మాత్రం పనికిరాకుండా పోతాయి.

పరమాణువులు కదులుతుంటే ఏమవుతుంది?

ఎక్సైటాన్ బతికి ఉన్న 141 నానోసెకన్లలోపే పరమాణువు ఒక చోటు నుంచి ఇంకో చోటికి గెంతితే దాని పదానికి అంటుకున్న ఫేజ్ చెల్లదు. ఆ వంతు కొహెరెంట్ మొత్తం నుంచి రాలిపోతుంది. అలా ఎన్ని గెంతితే సిగ్నల్ అంత త్వరగా ఆరిపోతుంది, కాబట్టి ఆరిపోయే వేగం నుంచి గెంతే రేటు వస్తుంది. ఇనుము ఉన్న మిశ్రమలోహాల్లో పరమాణువుల వ్యాపనాన్ని ఇలా 1990లలోనే కొలిచారు. నమూనా పూర్తిగా కరిగితే? కొహెరెంట్ సిగ్నల్ మాయం. వజ్రాల మధ్య నొక్కిన ఇనుమును లేజర్‌తో వేడి చేస్తూ, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఈ సిగ్నల్ ఆగిపోయిందో చూసి, భూగర్భంలోని పీడనాల దగ్గర ఇనుము ఎప్పుడు కరుగుతుందో చెప్తున్నారు.

జాడ మిగిలినదంతా వేస్టేనా?

అస్సలు కాదు. ఫోనాన్ పుట్టించిన సంఘటనలను అన్ని వైపులా లెక్కపెడితే ఇనుము పరమాణువుల కంపనాల వర్ణపటం నేరుగా వస్తుంది. 1995లో మొదలైన ఈ పద్ధతితో భూమి కోర్‌లో ఉండే స్థాయి పీడనాల దాకా ఇనుములో శబ్దవేగాన్ని రాబట్టారు. ఇది కొహెరెంట్ కాకపోవడమే ఇక్కడ లాభం, ఫేజ్‌ల గొడవ లేకుండా ప్రతి కేంద్రకం తన కదలిక తాను చెప్పేస్తుంది.

డికీ సూపర్‌రేడియెన్స్ అంటే ఇదేనా?

చాలావరకు అదే. చాలా పరమాణువులు ఫేజ్ కలిపి త్వరగా కాంతి వదలడం గురించి డికీ 1954లో చెప్పిన దానిలో ఒకే ఉత్తేజం ఉన్న సందర్భం ఇది. కలిసి ఉండటం వల్ల ఆరిపోయే వేగంతో పాటు శక్తి కూడా కొద్దిగా జరుగుతుంది, దాన్ని కలెక్టివ్ ల్యాంబ్ షిఫ్ట్ అంటారు. పలుచని పొరల మధ్య ఇనుము-57 పొరను ఇరికించిన ఎక్స్-రే కావిటీతో రోల్స్‌బెర్గర్ బృందం 2010లో దీన్ని కొలిచి చూపించింది. అదే దారిలో 2012లో కేంద్రకాలతో ఎలక్ట్రోమాగ్నెటికల్లీ ఇండ్యూస్డ్ ట్రాన్స్‌పరెన్సీ (దారుల ఆంప్లిట్యూడ్‌లు కొట్టేసుకుని, మింగాల్సిన చోట పారదర్శకం కావడం) కూడా చూపించారు.

ఒక ఉత్తేజం దాటి పోవాలంటే వలయాలు చాలవు, ఎక్స్-రే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్ (ఒక్కో పల్స్‌లో చాలా ఎక్కువ ఫోటాన్లిచ్చే ఎక్స్-రే యంత్రం) కావాలి. జపాన్‌లోని సాక్లాలో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో ఒక్కో పల్స్‌కు గరిష్ఠంగా 68 ఫోటాన్ల దాకా కేంద్రకాల నుంచి వచ్చాయి. ఉత్తేజాలు పెరిగేకొద్దీ మొదటి ఫోటాన్ త్వరగా రావడం కూడా కనిపించింది, డికీ లెక్క చెప్పినట్టే. 2023లో యూరోపియన్ ఎక్స్ఎఫ్ఈఎల్‌లో స్కాండియం-45ను 12.4 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల దగ్గర కదిపారు. దాని ఆయుష్షు 0.47 సెకన్లు. ఇనుము నానోసెకన్లతో పోలిస్తే ఇది ఎక్కడికో పోయింది, కేంద్రక గడియారాల గురించి మాట్లాడేవాళ్లు అందుకే దీని మీద ఆశ పెట్టుకున్నారు.

ఇనుము తప్ప వేరేవి లేవా?

ఉన్నాయి. తగరం-119 (23.9 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు), యూరోపియం-151 (21.5), క్రిప్టాన్-83 (9.4), డిస్ప్రోసియం-161 (25.7), టాంటలం-181 (6.2). అయినా ఎక్కువ పేపర్లు ఇనుము మీదే. మామూలు ఇనుములో 57 ఐసోటోప్ 2.1 శాతమే, కాబట్టి శుద్ధి చేసిన ఇనుము-57 కొనాలి. ఖరీదెక్కువ, మిల్లీగ్రాముల్లో తూచి వాడతారు.

హైదరాబాద్‌లో ఉండి ఇది చేయొచ్చా? ఇండోర్ వెళ్తే సరిపోదా?

ఇండోర్‌లోని ఇండస్-2 మంచి యంత్రమే, కానీ దాని శక్తి 2.5 గిగా ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు. ఈ పని చేసే ఈఎస్‌ఆర్‌ఎఫ్ (ఫ్రాన్స్), పెట్రా-3 (జర్మనీ) 6, స్ప్రింగ్-8 (జపాన్) 8. 14.4 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల దగ్గర కొన్ని నానో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల సన్న కిటికీలో పనికొచ్చేన్ని ఫోటాన్లు కావాలంటే అలాంటి వలయాలూ, పొడవాటి అండ్యులేటర్లూ (ఎలక్ట్రాన్లను అటూ ఇటూ ఊపి ఎక్స్-రేలు రాబట్టే అయస్కాంత వరసలు) కావాలి. ఇండోర్‌లోనే ఉన్న యూజీసీ-డీఏఈ కేంద్రంలో మూలంతో చేసే మోస్‌బవర్ ఉంది. నా సలహా ఏంటంటే ముందు అక్కడ మీ నమూనా ఆరు రేఖల్ని బాగా కొలిచి పెట్టుకోండి. హైపర్‌ఫైన్ విలువలు చేతిలో లేకుండా టైమ్ స్పెక్ట్రమ్ ఫిట్ చేయబోతే, ఒకే గీతకు నాలుగు రకాల జవాబులు కుదిరి టెన్షన్ మీకే. హాంబర్గ్‌లో పెట్రా-3 వాడుకోవడానికి డెసీతో మన దేశానికి ఒప్పందం ఉంది, దరఖాస్తు చేసే ముందు మీ గైడుతో ఆ దారి అడిగి చూడండి.

దరఖాస్తులో ఎక్కువమంది మర్చిపోయేది ఏంటి?

బంచ్ మోడ్, అంటే వలయంలో ఎలక్ట్రాన్లను ఎన్ని గుంపులుగా (బంచ్‌లుగా) నింపారన్నది. పల్స్‌ల మధ్య ఎడం కేంద్రకం ఆయుష్షుకు తగ్గట్టు ఉండాలి. ఈఎస్‌ఆర్‌ఎఫ్ 16 బంచ్ మోడ్‌లో 176 నానోసెకన్లు, పెట్రా-3 40 బంచ్ మోడ్‌లో 192. వందల బంచ్‌లు నింపిన మోడ్‌లో మీకు టైమ్ ఇస్తే ఒక పల్స్ తాలూకు ఆలస్యపు ఫోటాన్ల మీద తర్వాతి పల్స్ వచ్చి పడుతుంది, గీతే ఉండదు. రెండోది మందం. కౌంట్లు ఎక్కువ వస్తాయని రేకు మందం పెంచితే స్పీడప్ వల్ల సిగ్నల్ అంతా మొదటి పది, పదిహేను నానోసెకన్లలోకి దూరిపోతుంది, సరిగ్గా డిటెక్టర్ ప్రాంప్ట్ వరద నుంచి తేరుకునే చోటికి. ఇనుము-57 రేకైతే ఒకటి రెండు మైక్రాన్ల దగ్గర మొదలుపెట్టండి. అప్లికేషన్‌లో మందం ఎంతో రాసి, ఆ మందానికి లెక్కగట్టిన టైమ్ స్పెక్ట్రమ్ గ్రాఫు కూడా జత చేయండి.